డిక్కీ వైపర్ రిపేరు డైరీ: నంబర్ ప్లేటు లైటు ఇచ్చిన ఆచూకీ

శనివారం, పొద్దున

బండి ఐదు తలుపుల హ్యాచ్‌బ్యాక్. వెనక అద్దం వైపర్ సగం దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయింది. కొన్నాళ్లుగా ఆడుతూ ఆగుతూనే ఉంది. డిక్కీ డోరు గట్టిగా వేస్తే ఒక్కోసారి కదిలేది, ఇప్పుడు దానికీ ఉలుకూ పలుకూ లేదు. ముందు వైపర్లు బాగున్నాయి. వెనక వాషర్ నీళ్లు చిమ్ముతోంది. వెనక అద్దాన్ని వేడిచేసే డీఫాగర్ వేసినా దాని మీద ఆవిరి పోవడం లేదని చెల్లి ఎప్పటినుంచో అంటోంది. దాన్నీ ఈ చిట్టాలోనే రాసిపెట్టుకున్నాను. రెండూ డిక్కీ డోరులోనే ఉన్నాయి కాబట్టి రెంటికీ ఒకే కారణం ఉండే అవకాశం చాలా ఎక్కువ.

వెనక వైపర్ ఉంటే ఉంది, లేకపోతే లేదు అనుకునేవాళ్లు చాలామంది. సెడాన్‌కి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. ఏటవాలుగా ఉండే దాని వెనక అద్దాన్ని గాలి రాసుకుంటూ పోతుంది, నీళ్లూ జారిపోతాయి. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం నిట్టనిలువుగా తెగినట్టు ఉంటుంది. బండి పోతున్నప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గి సుడి లేస్తుంది. చక్రాలు లేపిన బురద తుంపరను ఆ సుడి తిరిగి అద్దం మీదికే తెచ్చి కొడుతుంది. వాన రాత్రి రివర్స్ చేసేటప్పుడు వెనక ఏముందో కనపడకపోవడం చిన్న విషయం కాదు. అందుకే ఈ పనిని ఇక వాయిదా వేయదలచుకోలేదు.

ముందుగా చూసుకోవాల్సింది చప్పుడు. స్విచ్ వేసినప్పుడు మోటారు తిరుగుతున్న మూలుగు వినపడి వైపర్ చెయ్యి కదలకపోతే తప్పు వైరింగ్‌ది కాదు. చేతిని పట్టే నట్టు వదులై ఉంటుంది, లేదా లోపల పళ్లు అరిగి ఉంటాయి. చప్పుడే లేకపోతే కరెంటు అందడం లేదు, లేదా చేతిని తిప్పే ఇరుసు బిగుసుకుపోయింది, లేదా మోటారే పోయింది. మా బండిలో చప్పుడు లేదు. అద్దాన్ని తడిపి, నట్టు విప్పి, చెయ్యి తీసేసి మళ్లీ స్విచ్ వేయించాను. భారం లేకపోయినా ఇరుసు కదల్లేదు. కొన్ని బళ్లలో డిక్కీ సరిగ్గా మూసుకోకపోతే వైపర్ ఆడకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. అది ఈ బండిలో లేదని వైరింగ్ డయాగ్రంలో చూసి నిర్ధారించుకున్నాను. డిక్కీ తెరిచి పెట్టుకుని పని చేసేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి, లేకపోతే లేని తప్పు కోసం వెతకాల్సి వస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, ఈ బండికి వర్తించదు గానీ పనికొచ్చేది. ముందు వైపర్లు ఆడుతుండగా రివర్స్ గేరు వేస్తే వెనక వైపర్ దానంతటదే ఒకసారి తుడిచే బళ్లున్నాయి. అలా తుడిచి, స్విచ్ తిప్పితే మాత్రం కదలకపోతే మోటారూ, కరెంటు తిరిగి బాడీకి చేరే దారి అయిన ఎర్తూ బాగున్నట్టే. చూడాల్సింది స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌ని. లోపలి అట్ట ఒక్కటి కూడా ఊడదీయకుండా సగం బండిని అనుమానం నుంచి తప్పించే పరీక్ష ఇది.

శనివారం, కాస్త పొద్దెక్కాక

ఫ్యూజు చూశాను. 15 ఆంపియర్లది. బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూసే కన్నా, ఉన్నచోటే ఇగ్నిషన్ ఆన్ చేసి పైనున్న రెండు మెరిసే చుక్కలకూ, కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంప్ తాకించడం నాకు ఇష్టం. రెండు వైపులా ల్యాంప్ ఒకేలా వెలిగితే ఫ్యూజూ బాగుంది, దానికి కరెంటు వచ్చే వైపు సాకెట్టూ బాగుంది. రెండూ వెలిగాయి. ఫ్యూజు దాకా ఏ తేడా లేదు.

డిక్కీ డోరు లోపలి అట్ట విప్పాను. ప్లాస్టిక్ క్లిప్పులు కొన్నేళ్లకు పెళుసెక్కుతాయి. అట్ట అంచు పట్టి లాగితే క్లిప్పు తల విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. ప్రతి క్లిప్పు పక్కనే చీలిక నాలుక ఉన్న పరికరం పెట్టి పైకెత్తితే శుభ్రంగా వస్తుంది. అట్ట వెనక మోటారు, వైర్లను దానికి కలిపే ప్లగ్గు, అంటే కప్లర్. మూడు వైర్లు: నలుపు ఎర్త్, ఒకటి ఇగ్నిషన్ ఆన్‌లో ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది, మూడోది స్విచ్ నుంచి వచ్చేది.

ఎప్పుడూ 12 వోల్టులు ఉండే ఆ వైరు ఎందుకో తెలిస్తే మిగతాదంతా తేలిక. వైపర్ మధ్యలో ఉండగా స్విచ్ ఆపేసినా అది అక్కడే ఆగదు, కిందికి వెళ్లి తన చోట పడుకుంటుంది. ఈ మోటారు లోపలి పళ్ల చక్రం మీద ఒక రాగి పట్టీ, దానికి ఆనుకుని చిన్న కాంటాక్టులు ఉంటాయి. వైపర్ తన చోట లేనంతసేపూ ఆ పట్టీ మోటారుని ఈ 12 వోల్టుల వైరుకి కలిపి ఉంచుతుంది. చోటికి చేరగానే ఆ సరఫరా తెగి, మోటారు రెండు కొసలూ ఎర్త్‌కి చేరతాయి. కొసలు కలిసిన మోటారు ముందుకు జారిపోకుండా ఉన్నపళంగా నిలబడుతుంది. అంటే మా వైపర్ సగంలో ఆగి ఉంది కాబట్టి, స్విచ్ ఆపేసి ఉన్నా, ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, మోటారుకి కరెంటు వెళ్తూనే ఉండాలి. ఈ మాట కాసేపట్లో అక్కరకొచ్చింది.

కప్లర్ ఊడదీసి మీటరు పెట్టాను. 12 వోల్టుల పిన్నుకీ బండి బాడీ ఇనుముకీ మధ్య 12.3 వోల్టులు. అదే పిన్నుకీ కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకీ మధ్య కూడా 12.3. స్విచ్ వేస్తే మూడో పిన్ను దగ్గరా అంతే. కాగితం మీద చూస్తే వైరింగ్ అంతా సవ్యం, మోటారు పోయింది. చాలామంది కొత్త మోటారు కొనేది సరిగ్గా ఇక్కడే, పాతది బాగుండగానే.

మామూలు డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అది తీసుకునే కరెంటు మైక్రో ఆంపియర్లలో లెక్క. వైరులో ఒక్క పోగు మిగిలినా, ఆ పోగు పచ్చగా తుప్పు పట్టి ఉన్నా, మీటరుకి అది రాజమార్గమే. వైరు తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ కూడా కొద్ది మిల్లీ ఆంపియర్లతోనే పలుకుతుంది. వైపర్ మోటారుకి కావాల్సింది ఆంపియర్లు. అందుకే లోడు, అంటే కరెంటు లాగే వస్తువు, లేకుండా చదివిన వోల్టేజీని నేను లెక్కలోకి తీసుకోను. లోడు పెట్టి చదవాలి.

లోడుగా బ్రేకు లైట్లలో వాడే 21 వాట్ల బల్బు ఒకటి హోల్డరుతో సహా దగ్గర పెట్టుకుంటాను. 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ పనికి అంత చాలు, కప్లర్ పిన్నులకూ ప్రమాదం లేదు. దాన్ని 12 వోల్టుల పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య కలిపాను. వెలగలేదు.

బండి వెనక నిలబడ్డ చెల్లి మాత్రం, "అన్నయ్యా, నంబర్ ప్లేటు లైట్లు వెలుగుతున్నాయి" అంది.

లైట్ల స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. బల్బు తీసేస్తే ప్లేటు లైట్లు ఆరిపోయాయి. మళ్లీ పెడితే వెలిగాయి.

శనివారం, మధ్యాహ్నం

అసలు కథంతా ఇక్కడుంది కాబట్టి నెమ్మదిగా రాస్తాను.

ఈ బండిలో వైపర్ మోటారు, డీఫాగర్, నంబర్ ప్లేటు లైట్లు, ఈ మూడింటి ఎర్త్ వైర్లూ డిక్కీ డోరు రేకు మీద ఒకే బోల్టు దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి ఒకే ఒక్క లావు నల్ల వైరు కబ్జాల పక్కనున్న ముడతల రబ్బరు గొట్టం గుండా బండి బాడీలోకి వెళ్తుంది. డోరు కబ్జాల ద్వారా కూడా బాడీకి తగులుతోంది కదా అనిపిస్తుంది. కానీ ఆ కబ్జాల మధ్య పెయింటూ గ్రీజూ ఉన్నాయి. వాటిని ఎర్త్‌గా నమ్మడానికి లేదు.

ఆ లావు వైరు తెగిందనుకుందాం. కాలవ గట్టుకి అడ్డం పడితే నీళ్లు ఇంకో పల్లం వెతుక్కున్నట్టు, కరెంటూ ఇంకో దారి వెతుక్కుంటుంది. నా బల్బులోంచి ఉమ్మడి బోల్టు దగ్గరికి వచ్చిన కరెంటుకి ముందుకు దారి లేదు. అక్కడే ప్లేటు లైట్ల ఫిలమెంట్లు ఉన్నాయి. ఫిలమెంటుకి ముందూ వెనకా తేడా లేదు, ఎటు నుంచైనా కరెంటు పోతుంది. వాటి గుండా వెనక్కి, పార్కింగ్ లైట్ల సరఫరా వైరులోకి, అక్కడి నుంచి బాడీ మీదున్న టెయిల్ లైట్ల ఫిలమెంట్ల గుండా వాటి ఎర్త్‌కి చేరుతుంది. ప్లేటు బల్బులు ఒక్కోటి 5 వాట్లవి. నిండు వోల్టేజీలో రెండూ కలిసి లాగేది 0.83 ఆంపియర్లు. ఈ దొడ్డిదారిలో అంతకు మించి పారదు. ప్లేటు బల్బులకు అది దాదాపు సరిపడేంత, కాబట్టి వెలుగుతాయి. 21 వాట్ల బల్బుకి అది ఏ మూలకీ చాలదు. టెయిల్ లైట్లు పక్కపక్కన ఉండి దాన్ని పంచుకుంటాయి కాబట్టి అవీ కంటికి కనపడేంత వెలగవు.

లోడు లేని మీటరు 12.3 ఎందుకు చూపిందో కూడా ఇందులోనే ఉంది. చల్లగా ఉన్న ఆ ఫిలమెంట్ల నిరోధం కొద్ది ఓమ్‌లే. 10 మెగా ఓమ్‌ల మీటరు ముందు అది లేనట్టే.

నిర్ధారణకి మూడు పరీక్షలు చేశాను.

మొదటిది, కప్లర్ మోటారుకి తిరిగి పెట్టి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, ఎర్త్ వైరుకీ బాడీ ఇనుముకీ మధ్య వోల్టేజీ చదవడం. ఇన్సులేషన్‌కి సూది గుచ్చి చూడటం నాకు నచ్చదు, ఆ చిల్లు గుండా తడి పోయి రాగిని తినేస్తుంది. ఎర్త్ బాగుంటే ఇక్కడ 0.2 వోల్టులు మించకూడదు. మీటరు 11.3 చూపింది. 12.3లో 11.3 తప్పు దారిలోనే పోతే మోటారుకి దక్కింది 1 వోల్టు. స్విచ్ ఆపినా అంకె మారలేదు. వైపర్ సగంలో ఉంది కాబట్టి మోటారు లోపలి ఆ రాగి పట్టీ నుంచి సరఫరా వస్తూనే ఉంది. మోటారు తగిలించి ఉన్నంతసేపూ, ఇగ్నిషన్ ఆన్‌లో ప్లేటు లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి. పగలు అది ఎవరి కంటా పడదు.

రెండోది నాకు అన్నిటికన్నా నచ్చింది. అదే స్థితిలో చెల్లిని పార్కింగ్ లైట్లు వేయమన్నాను. మామూలుగా అయితే ప్లేటు లైట్లు ఇంకా బాగా వెలగాలి. అవి ఆరిపోయాయి. ఒక కొసకి మోటారు నుంచి 12 వోల్టులు, రెండో కొసకి లైట్ల స్విచ్ నుంచి 12 వోల్టులు. రెండు వైపులా సమానమైతే కరెంటు ఎటు పోతుంది? లైట్లు వేస్తే ఆరిపోయే లైటు ఎక్కడ కనపడినా, ఆ చుట్టుపక్కల ఎర్త్ పోయిందని నూటికి తొంభై పాళ్లు రాసివ్వొచ్చు.

మూడోది, లావు వైరు ముక్క ఒకటి తీసుకుని ఒక కొస డిక్కీ డోరు ఎర్త్ బోల్టుకి, రెండో కొస బాడీ మీద తాళం కొక్కెం బోల్టుకి తాకించాను. తాకీ తాకగానే మోటారు మూలిగి, ఇరుసు తిరిగి, తన చోటికి వెళ్లి ఆగింది. ప్లేటు లైట్లు ఆరిపోయాయి. మోటారు బాగుంది, స్విచ్ బాగుంది, ఫ్యూజు బాగుంది. తెగింది ఒక్క వైరు.

శనివారం, సాయంత్రం

ఇక్కడితో ఆగిపోయి, ఆ వైరు ముక్కనే బోల్టులకు శాశ్వతంగా బిగించేసేవాళ్లున్నారు. వైపర్ ఆడుతుంది, డీఫాగరూ పనిచేస్తుంది. నేనైతే ఒప్పుకోను. ఆ రబ్బరు గొట్టంలో ఒక వైరు తెగిందంటే పక్కనున్నవి కూడా అన్నేళ్లూ అక్కడే, అన్నిసార్లే వంగాయి. వాటిలో 12 వోల్టుల వైరు ఒలిచిపోయి రేకుకి తగిలితే ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజు మీద ఇంకేమున్నాయో అవన్నీ దానితోపాటే పోతాయి.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, గొట్టం రెండు కొసలూ ఊడదీసి లోపలికి చూశాను. నల్ల వైరు ఇన్సులేషన్ చుట్టూ పగిలి, రాగి పోగులన్నీ ఒకే చోట తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. డోరు గట్టిగా వేసినప్పుడు ఆ కొసలు ఒకదానికొకటి తగిలేవి, వైపర్ ఆడేది. పోగులు అరిగి పొట్టివైపోయాక ఆ తగలడం కూడా ఆగింది. డీఫాగర్ వైరు మీద నెర్రెలు ఉన్నాయి, రాగి కనపడుతోంది. స్విచ్ వైరు బయటికి బాగానే ఉంది గానీ, వేళ్ల మధ్య వంచితే ఒక చోట మెత్తగా మడత పడింది. లోపల పోగులు కొన్ని తెగినట్టు.

రాగి వంగిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. గట్టిపడ్డది మళ్లీ అదే చోట వంగితే చీలుతుంది. డిక్కీ తెరిచి మూసిన ప్రతిసారీ వైర్ల కట్ట మొత్తం రెండు మూడు అంగుళాల మేర అదే మలుపు తీసుకుంటుంది. పైగా వేడికి పీవీసీ ఇన్సులేషన్‌లోని మెత్తదనం కొన్నేళ్లకు పోతుంది. లావు వైరు ముందు తెగడంలో వింతేమీ లేదు. ఒకే మలుపులో లావు వైరు బయటి పొర ఎక్కువ సాగుతుంది.

ఆదివారం, పొద్దున

తెగిన చోట అతుకు వేస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. టంకం వేసిన చోట కరిగిన లోహం పోగుల్లోకి పాకి, వైరు కొంత మేర కడ్డీలా తయారవుతుంది. వంగే చోట కడ్డీ ఉంటే, కడ్డీ ముగిసే అంచు దగ్గర వంపంతా పోగై అక్కడ విరుగుతుంది. అందుకని గొట్టంలోని ముక్క మొత్తం తీసేసి, సన్నటి పోగులున్న సిలికాన్ ఇన్సులేషన్ వైరు వేశాను. అతుకులు రెండూ గొట్టానికి బయటే, ఒకటి బాడీ పైకప్పు అట్ట వెనక, ఒకటి డోరు లోపల, కదలిక లేని చోట.

లావు విషయంలో ఒక జాగ్రత్త. ఎర్త్ వైరు వైపర్‌దే అనుకుని సన్నది వేయకూడదు. డీఫాగర్ 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, అదంతా ఈ వైరు గుండానే తిరిగి వెళ్లాలి. ఎర్త్‌కీ డీఫాగర్ సరఫరాకీ 2.5 చదరపు మిల్లీమీటర్లది, వైపర్ వైర్లకు 1 చదరపు మిల్లీమీటరుది వేశాను.

ఒకసారి ఒక్క వైరే కోసి, దాన్ని పూర్తిగా అతికాకే రెండోది కోశాను. అన్నీ ఒకేసారి కోసేస్తే, వెలిసిపోయిన రంగుల్లో ఏది ఏదో పోల్చుకోవడం నరకం. అతుకులు నొక్కి బిగించే గొట్టపు క్రింపులతో వేసి, ప్రతిదాన్నీ గట్టిగా లాగి చూసి, వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న స్లీవ్ తొడిగి వేడి చేశాను. అతుకులన్నీ ఒకే వరుసలో పడకుండా కొద్ది కొద్ది దూరం జరిపాను, లేకపోతే కట్ట అక్కడ ఉబ్బి అట్ట సరిగ్గా కూర్చోదు.

గొట్టం గుండా వైర్లు ఎక్కించడం ఓపిక పని. గట్టి తీగ ముందు దూర్చి, దాని కొసకి వైర్లను టేపుతో చుట్టి, సిలికాన్ స్ప్రే కొట్టి, మెల్లగా లాగాలి. డోరు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు వైర్లు బిగుతు కాకుండా కొంచెం వదులు ఉంచాను. వాషర్ నీళ్ల పైపు కూడా ఇదే దారిలో పోతుంది. దాని అతుకు చెమ్మగిల్లలేదు. నీళ్లు కారుతూ ఉంటే ఈ శ్రమంతా మళ్లీ తుప్పు పాలయ్యేది. గొట్టం పెదవులు రెండు వైపులా రేకు రంధ్రంలో చుట్టూ కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూశాను. అక్కడ సందు ఉంటే వాన నీళ్లు నేరుగా లోపలికే.

డోరు మీది ఎర్త్ బోల్టు కూడా విప్పి, రింగు కిందున్న తెల్లటి పొడిని మెరిసే రేకు కనపడేదాకా గీకి, బిగించాక పైన పల్చగా గ్రీజు పూశాను.

ఆదివారం, మధ్యాహ్నం

బ్యాటరీ తగిలించాను. వైపర్ చెయ్యి ఇంకా పెట్టలేదు. ముందు మోటారుని ఒకసారి ఆడించి, తన చోట ఆగనిచ్చి, అప్పుడు చేతిని అద్దం కింది గీత దగ్గర నిలిపి నట్టు బిగించాలి. మోటారు ఎక్కడ ఆగి ఉందో తెలియకుండా చెయ్యి బిగిస్తే మొదటి ఊపులోనే అది అద్దం అంచు దాటి రేకుని కొడుతుంది.

అద్దం తడిపి స్విచ్ వేయించాను. నిండు వేగంతో ఆడింది. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య 0.04 వోల్టులు. ఇంజను స్టార్టు చేసి డీఫాగర్ కూడా కలిపితే 0.19. నిన్న ఇక్కడే 11.3 ఉంది. ప్లేటు లైట్లు స్విచ్ వేస్తే వెలుగుతున్నాయి, తీస్తే ఆరుతున్నాయి. అద్దం మీద ఆవిరి డీఫాగర్ గీతల వెంట చారలు చారలుగా కరగడం మొదలైంది.

"ఇది నేను చెప్పి ఎన్నాళ్లయింది అన్నయ్యా!" అంది చెల్లి.

డోరు కొద్దికొద్దిగా కదుపుతూ, పూర్తిగా ఎత్తి, సగం దించి, మూసి, ప్రతి చోటా వైపర్ ఆడించి చూశాను. ఎక్కడా తడబడలేదు.

మిగిలిన పని: డిక్కీ డోరుకి రెండో వైపున్న గొట్టం. తాళం మోటారు వైర్లు, పైనున్న బ్రేకు లైటు వైర్లు అందులో పోతాయి. అవి ఇప్పటికి పనిచేస్తున్నాయి గానీ, వంపు అదే, వయసూ అదే. వచ్చే ఆదివారం దాన్నీ విప్పుతాను. మిగిలిన సిలికాన్ వైరు దానికి సరిపోతుంది.